సీడీ, స్ట్రీమింగ్ సంగీతాల ధ్వని నాణ్యత: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

సంగీతం సీడీలో బాగుంటుందా, స్ట్రీమింగ్‌లో బాగుంటుందా అనే చర్చ సాధారణంగా అంకెల పోటీగా సాగుతుంది. సీడీ ప్రమాణం రూపొందిన తీరు, ఎంపీ3 కుదింపు విధానం, స్ట్రీమింగ్ సేవలు నష్టరహిత ధ్వని వైపు మళ్లిన క్రమం, 1990ల నుంచి సాగిన గట్టిదనపు పోటీ అనే నాలుగు అంశాలను కాలక్రమంలో పరిశీలిస్తే ఆ అంకెలు వినిపించే తేడాలో కొంత భాగాన్నే వివరిస్తాయని తెలుస్తుంది. పాటను మోసే వాహకం కంటే అందులోకి ఎక్కిన ప్రతి ధ్వని నాణ్యతను ఎక్కువగా నిర్ణయిస్తుంది. అందువల్ల ప్రాచీన కావ్యాల విషయంలో పరిష్కర్తలు పాటించే పాఠనిర్ణయ దృష్టి ధ్వనిముద్రణలకూ అవసరమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పాత తెలుగు సినిమా పాటలను ఇందుకు ఉదాహరణగా స్వీకరిస్తుంది.

కీలక పదాలు: సీడీ, స్ట్రీమింగ్, ఎంపీ3, నష్టరహిత కుదింపు, మాస్టరింగ్, పాఠభేదం, తెలుగు సినిమా పాట.

1. ఉపోద్ఘాతం

తాళపత్ర ప్రతుల ఆధారంగా ఒక కావ్యాన్ని పరిష్కరించేవారు ముందుగా మూడు ప్రశ్నలు వేసుకుంటారు. ఈ ప్రతిని ఎవరు రాశారు? దేనిని చూసి రాశారు? రాసేటప్పుడు ఏమి మార్చారు? పండితుల చేత ప్రతులను సేకరింపజేసి, ఒకదానితో మరొకటి పోల్పించిన సి.పి.బ్రౌన్ కాలం నుంచి తెలుగు సాహిత్య పరిశోధనలో ఈ ప్రశ్నలకు స్థిరమైన స్థానం ఉంది. ధ్వనిముద్రణల దగ్గరకు వచ్చేసరికి ఇటువంటి ప్రశ్నలు అరుదుగా వినిపిస్తాయి. పాట పేరు, గాయకుల పేరు, సినిమా పేరు తెలిస్తే చాలుననుకుంటాం. అది ఏ ప్రతి నుంచి వచ్చిందో అడగం.

సీడీ, స్ట్రీమింగ్‌ల నాణ్యతను పోల్చే చర్చలో ఈ లోపం స్పష్టంగా కనిపిస్తుంది. ఒక పక్షం సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్లు ఉన్నాయంటుంది. రెండో పక్షం తమ స్ట్రీమింగ్ సేవలో 24 బిట్ల ధ్వని దొరుకుతుందంటుంది. రెండూ నిజమే. అయితే ఆ అంకెలు పాత్ర పరిమాణాన్ని మాత్రమే చెబుతాయి, అందులో పోసినదేమిటో చెప్పవు. ఈ వ్యాసం మొదట పాత్రల చరిత్రను, తరువాత వాటిలో పోసిన ప్రతుల చరిత్రను పరిశీలిస్తుంది.

2. సీడీ ప్రమాణం ఏర్పడిన తీరు

2.1 సిద్ధాంత భూమిక

ధ్వనిని అంకెలుగా మార్చే ఆలోచన సీడీ కంటే చాలా పాతది. ఫ్రాన్స్‌లో పనిచేస్తున్న ఆంగ్లేయ ఇంజనీరు అలెక్ రీవ్స్ 1937లో టెలిఫోను సంభాషణల కోసం ఈ పద్ధతిని రూపొందించాడు. హ్యారీ నైక్విస్ట్ 1928లో, క్లాడ్ షానన్ 1949లో ప్రచురించిన వ్యాసాలు దీనికి గణిత పునాదిని ఇచ్చాయి. ఒక ధ్వనిలో ఉన్న అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటే ఎక్కువ వేగంతో నమూనాలు తీసుకుంటే, ఆ నమూనాల నుంచి మొదటి తరంగాన్ని పూర్తిగా తిరిగి నిర్మించవచ్చునన్నది ఆ సిద్ధాంత సారాంశం.

డిజిటల్ ధ్వని మెట్లు మెట్లుగా ఉంటుందని, నమూనాకూ నమూనాకూ మధ్య ఉన్న సంగీతం పోతుందని ఒక అభిప్రాయం ఇప్పటికీ ప్రచారంలో ఉంది. పై సిద్ధాంతం దృష్ట్యా అది సరికాదు. పరిమితికి లోబడిన పౌనఃపున్యాల వరకు రెండు నమూనాల మధ్య తరంగం ఏ దారిన వెళ్లాలో గణితం ఖాయం చేస్తుంది. మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు వినగలదు. వయసుతో పాటు పై హద్దు తగ్గుతుంది. కాబట్టి సెకనుకు 40 వేలకు కొంత మించిన నమూనాలు వినికిడికి సరిపోతాయి.

2.2 44,100 అనే సంఖ్య

సీడీలో నమూనాల సంఖ్య సెకనుకు 44,100. ఇంత విచిత్రమైన సంఖ్య ఎందుకు వచ్చిందనే ప్రశ్నకు సమాధానం సంగీతంలో కాక టెలివిజన్ సాంకేతికతలో దొరుకుతుంది. 1970లలో అంత పెద్ద మొత్తంలో అంకెలను నిల్వ చేయగల సులభ సాధనం వీడియో టేపు రికార్డరు. ధ్వని నమూనాలను నలుపు తెలుపు చుక్కలుగా మార్చి, టీవీ చిత్రంలోని గీతల మీద రికార్డు చేసేవారు. జపాన్, అమెరికాల టీవీ పద్ధతిలో ఒక్కో గీతలో 3 నమూనాలు, ఒక్కో ఫీల్డులో ఉపయోగపడే గీతలు 245, సెకనుకు 60 ఫీల్డులు. అంటే 3 × 245 × 60 = 44,100. ఐరోపా పద్ధతిలో 3 × 294 × 50 వేసినా అదే సంఖ్య వస్తుంది. రెండు ఖండాల యంత్రాలకూ సరిపడే సంఖ్య కావడం వల్ల ఇది నిలిచింది. నేడు స్ట్రీమింగ్ సేవలు పంపే పాటల్లో అత్యధిక భాగం ఇదే సంఖ్యను మోస్తున్నాయి.

2.3 బిట్లు, నిమిషాలు, రాజీలు

నెదర్లాండ్స్‌కు చెందిన ఫిలిప్స్ సంస్థ 1979 మార్చి 8న ఐండ్‌హోవెన్‌లో తన డిస్కును పత్రికలవారికి ప్రదర్శించింది. అదే ఏడాది జపాన్‌కు చెందిన సోనీతో కలిసి ఉమ్మడి ప్రమాణం కోసం చర్చలు మొదలుపెట్టింది. 1980లో ఆ ప్రమాణం ‘రెడ్ బుక్’ పేరుతో సిద్ధమయింది. ఫిలిప్స్ ఒక్కో నమూనాకు 14 బిట్లు చాలన్నది, సోనీ 16 కోరింది. ఒక్కో బిట్టు అతి మెల్లని, అతి బిగ్గర ధ్వనుల మధ్య దూరాన్ని సుమారు 6 డెసిబెల్స్ పెంచుతుంది. 14 బిట్లకు 84 డెసిబెల్స్, 16 బిట్లకు 96 డెసిబెల్స్. చివరకు 16 నిలిచింది. నమూనాకు 65,536 స్థాయిలు, రెండు ఛానళ్లు కలిపి సెకనుకు 14,11,200 బిట్లు. ఈనాటికీ ‘సీడీ నాణ్యత’ అనే మాటకు అర్థం ఇదే.

డిస్కు వ్యాసం 12 సెంటీమీటర్లు కావడానికి బీథోవెన్ తొమ్మిదవ సింఫనీ ఒకే డిస్కులో పట్టాలన్న కోరిక కారణమని, అందుకే 74 నిమిషాల నిడివి ఏర్పడిందని ఒక కథ ప్రసిద్ధం. ఆ ప్రమాణ రూపకల్పనలో పాల్గొన్న ఫిలిప్స్ ఇంజనీరు కీస్ ఇమ్మింక్ ఈ కథను అంగీకరించలేదు. ఫిలిప్స్ అనుబంధ సంస్థ పాలీగ్రామ్ అప్పటికే 11.5 సెంటీమీటర్ల డిస్కుల తయారీకి హానోవర్‌లో ఏర్పాట్లు చేసుకుందని, పరిమాణం మారితే పోటీదారుకు ఆ ముందంజ పోతుందని ఆయన వివరించారు. కథ మనోహరమైనదే అయినా వాణిజ్య కారణమే ఎక్కువ నమ్మదగినదిగా కనిపిస్తుంది.

1982 అక్టోబర్ 1న సోనీ సీడీపీ-101 యంత్రం జపాన్‌లో అమ్మకానికి వచ్చింది. బిల్లీ జోయెల్ ‘52వ స్ట్రీట్’ ఆల్బమ్ అప్పుడు విడుదలైన తొలి సీడీలలో ఒకటి.

2.4 దోష సవరణ

సీడీ విజయంలో వినికిడికి నేరుగా అందని అంశం ఒకటుంది. ఇర్వింగ్ రీడ్, గుస్టావ్ సాలమన్ 1960లో ప్రతిపాదించిన గణిత పద్ధతిని అనుసరించి అంకెలను డిస్కు మీద చెల్లాచెదురుగా, అదనపు తనిఖీ అంకెలతో కలిపి రాస్తారు. గీత పడి ట్రాకు పొడవున సుమారు 2.5 మిల్లీమీటర్లు చెడినా, పోయిన అంకెలను మిగిలినవాటి నుంచి యథాతథంగా రాబట్టవచ్చు. వ్రాయసకాని పొరపాటును తరువాతి చదువరి తప్పు లేకుండా దిద్దుకోగల ఏర్పాటు ప్రతిలోనే ఉండడం వంటిది ఇది. గ్రామఫోన్ రికార్డు ప్రతి వాడకంతోనూ అరిగింది. టేపు ప్రతి నకలుతోనూ మసకబారింది. సీడీలోని పాఠాన్ని మాత్రం ఎన్నిసార్లు నకలు తీసినా మారకుండా ఉంచవచ్చు.

అయినా తొలినాటి సీడీలు గరుకుగా ఉన్నాయన్న విమర్శ వచ్చింది. అందుకు ఒక ముఖ్య కారణం వాటిలోకి ఎక్కించిన టేపులు. ఎల్‌పీ రికార్డు కోత కోసం దాని పరిమితులకు తగ్గట్టు సరిచేసిన టేపుల నుంచి, కొన్నిసార్లు నకళ్ల నుంచి, నేరుగా సీడీలు తయారుచేశారు. పాత్ర కొత్తది, ప్రతి పాతది. వాహకానికీ ప్రతికీ మధ్య గందరగోళం సీడీతోనే మొదలయిందని ఇక్కడ గమనించవచ్చు.

3. కుదింపు యుగం

3.1 చెవి వదిలేసేది తీసివేయడం

రైలు వంతెన మీద పోతున్నప్పుడు పక్కవారి మాట వినిపించదు. మాట ఆగలేదు, పెద్ద శబ్దం దానిని కప్పివేసింది. అమెరికాలో హార్వే ఫ్లెచర్, జర్మనీలో ఎబర్‌హార్డ్ జ్వికర్ వంటివారు ఈ శబ్దాచ్ఛాదనను కొలతలతో అధ్యయనం చేశారు. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్, ఫ్రాన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు ఆ జ్ఞానాన్ని వాడుకుని, చెవి ఎలాగూ వినని వివరాలను తీసివేస్తే ధ్వని ఫైలు ఎంత చిన్నదవుతుందో చూశారు. సుజాన్ వేగా వాద్యాలు లేకుండా పాడిన ‘టామ్స్ డైనర్’ వారికి కఠిన పరీక్షగా నిలిచింది. ఒంటరి గొంతులో కప్పివేసే శబ్దం లేదు గనుక తొలి ప్రయత్నాలలో తప్పులు నగ్నంగా వినిపించాయి. ఆ పాటను పదే పదే విని పద్ధతిని సరిదిద్దారు. 1992లో ఖరారై 1993లో ప్రచురితమయిన ఎంపెగ్ ప్రమాణంలో మూడవ పొరగా ఇది చేరింది. 1995 జులైలో ఫైలు పేరు చివర వాడే గుర్తుగా ‘ఎంపీ3’ని ఎంచుకున్నారు.

3.2 లాభనష్టాలు

సెకనుకు 128 కిలోబిట్ల ఎంపీ3లో సీడీ సమాచారంలో పదకొండవ వంతే ఉంటుంది. నష్టం అన్నిచోట్లా సమానంగా ఉండదు. తంబుర శ్రుతి వంటి నిలకడ ధ్వని సులభంగా కుదురుతుంది. మృదంగం, ఘటం వంటి వాద్యాల మీద పడే పదునైన దెబ్బ కష్టం. దెబ్బకు ముందే దాని నీడ వినిపించడం, తాళాల మోత నీళ్లలో కలిసినట్లు కావడం తక్కువ బిట్‌రేటు ఫైళ్లలో ప్రసిద్ధ దోషాలు. అదే బిట్‌రేటులో కూడా 1990ల నాటి ఎన్‌కోడరు చేసిన ఫైలుకూ, తరువాతి కాలపు మెరుగైన ఎన్‌కోడరు చేసిన ఫైలుకూ తేడా ఉంటుంది. ‘128’ అనే అంకె ఆ తేడాను చూపదు.

మోడెముల కాలంలో ఈ చిన్న ఫైళ్లకు ఎదురులేకపోయింది. 1999లో వచ్చిన నాప్‌స్టర్ 2001లో న్యాయస్థానం తీర్పుల ఫలితంగా మూతపడింది. 2003 ఏప్రిల్‌లో ఆపిల్ ఐట్యూన్స్ దుకాణం 128 కిలోబిట్ల ఏఏసీ ఫైళ్లను చట్టబద్ధంగా అమ్మడం మొదలుపెట్టింది. ఒక తరం శ్రోతలు నాణ్యతను ఇచ్చి సౌలభ్యాన్ని కొనుక్కున్నారు. స్ట్రీమింగ్ పట్ల ఇప్పటికీ ఉన్న అపనమ్మకానికి మూలం ఈ దశలో ఉంది.

4. స్ట్రీమింగ్: వెనుకబడడం, అందుకోవడం

2008 అక్టోబరులో స్వీడన్‌లో మొదలయిన స్పాటిఫై కుదించిన ఓగ్ వోర్బిస్ ఫైళ్లను పంపింది. చందాదారులకు గరిష్ఠంగా 320 కిలోబిట్లు దొరికేవి. అదే సమయానికి నష్టరహిత కుదింపు పద్ధతులు సిద్ధంగా ఉన్నాయి. 2001లో వెలువడిన ఫ్లాక్ వాటిలో ముఖ్యమైనది. సంక్షిప్తలిపిలో రాసుకున్న ఉపన్యాసాన్ని తిరిగి అక్షరం పోకుండా విప్పి రాసినట్లు, ఫ్లాక్ ఫైలును విప్పితే సీడీలోని ప్రతి బిట్టూ యథాతథంగా తిరిగి వస్తుంది. పరిమాణం మాత్రం చాలావరకు సగానికి అటూ ఇటూ ఉంటుంది.

2014లో టైడల్ సేవ సీడీ నాణ్యతనే ప్రధాన ఆకర్షణగా చూపింది. 2019 సెప్టెంబరులో అమెజాన్, 2021 జూన్‌లో ఆపిల్ నష్టరహిత ధ్వనిని ప్రవేశపెట్టాయి. ఆపిల్ దానికి అదనపు చందా తీసుకోలేదు. 2021 ఫిబ్రవరిలోనే ప్రకటించిన స్పాటిఫై దానిని 2025 సెప్టెంబరులో అందించడం ప్రారంభించింది. సీడీకీ ఈ సేవలకూ మధ్య అంకెల తేడా దీనితో సమసిపోయింది. కొన్నిచోట్ల 24 బిట్లు, 192 కిలోహెర్ట్జ్ వరకు సీడీని దాటిన అంకెలు కూడా వచ్చాయి.

అయితే సేవ పంపినదంతా చెవికి చేరుతుందని చెప్పలేం. ఫోనులో డేటా పొదుపు అమరిక ఉంటే తక్కువ బిట్‌రేటు ఫైలే వస్తుంది. నష్టరహిత ఫైలు వచ్చినా, సాధారణ బ్లూటూత్ హెడ్‌ఫోనుకు పంపే ముందు ఫోను దానిని మళ్లీ నష్టసహితంగా కుదిస్తుంది. బ్లూటూత్‌లో తప్పనిసరిగా ఉండే ఎస్‌బీసీ పద్ధతిలో మామూలుగా సెకనుకు దక్కేది 328 కిలోబిట్లు. అంటే నష్టరహిత సేవకు చందా కట్టిన శ్రోత కూడా చాలాసార్లు వింటున్నది నష్టసహిత ధ్వనినే. ‘స్ట్రీమింగ్ నాణ్యత’ అనే ఏకవచనం ఇక్కడ పొరపాటుకు దారితీస్తుంది.

5. చెవి చెప్పిన సాక్ష్యం

సీడీని దాటిన అంకెలు వినిపిస్తాయా అనే ప్రశ్న మీద ఆడియో ఇంజనీరింగ్ సొసైటీ పత్రికలో వెలువడిన రెండు పరిశోధనలు గమనింపదగినవి. ఇ. బ్రాడ్ మేయర్, డేవిడ్ మొరాన్ 2007లో ప్రచురించిన పరిశోధనలో ఎస్‌ఏసీడీ, డీవీడీ-ఆడియో డిస్కుల ధ్వనిని ఒకసారి నేరుగా, ఒకసారి మధ్యలో 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్ ప్రమాణం గుండా పంపి వినిపించారు. ఏది ఏదో శ్రోతలకు చెప్పలేదు. 554 ప్రయత్నాలలో సరైన సమాధానాలు 276. నాణెం ఎగరవేసినా దాదాపు ఇదే ఫలితం వస్తుంది. లండన్ క్వీన్ మేరీ విశ్వవిద్యాలయానికి చెందిన జోషువా రైస్ 2016లో 18 పరిశోధనల ఫలితాలను కలిపి లెక్కించి, తేడాను గుర్తించే శక్తి స్వల్పంగా ఉన్నదని, అది సుమారు 52 శాతమని, శిక్షణ పొందిన శ్రోతలలో ఇంకొంత పెరుగుతుందని చూపారు.

ఈ రెండు ఫలితాలు పైకి విరుద్ధంగా కనిపించినా ఒకే దిక్కును చూపుతున్నాయి. సీడీ ప్రమాణపు హద్దు మనిషి వినికిడి హద్దుకు అతి దగ్గరగా ఉంది. దానిని దాటితే వచ్చే లాభం ఉన్నా అతి స్వల్పం. ఇటువంటి పరీక్షలలో రెండు ధ్వనుల స్థాయిని డెసిబెల్‌లో పదో వంతు వరకు సమం చేస్తారు. కొంచెం గట్టిగా వినిపించినదే మెరుగైనదని చెవి భ్రమించడం అందుకు కారణం. ఇంట్లో సీడీనీ స్ట్రీమింగ్‌నూ మార్చి మార్చి విని తీర్పు చెప్పేవారు ఈ జాగ్రత్త తీసుకోవడం అరుదు.

అలాగని వినిపించే తేడాలన్నీ భ్రమలు కావు. ఒకే ఆల్బమ్ సీడీకీ, నష్టరహిత స్ట్రీమింగ్‌కూ మధ్య ఎవరికైనా స్పష్టంగా తెలిసే తేడా కొన్నిసార్లు ఉంటుంది. ఆ తేడా వాహకంలో లేకపోతే ఎక్కడ ఉన్నట్లు?

6. గట్టిదనపు పోటీ

ముద్రణకు ముందు పాట స్థాయిలను, స్వరూపాన్ని చివరిసారి సరిచేసే దశను మాస్టరింగ్ అంటారు. 1990ల నుంచి ఈ దశలో ఒక పోటీ పెరిగింది. రేడియోలో పక్క పాట కంటే తమ పాట గట్టిగా వినిపించాలన్న కోరికతో మెల్లని భాగాలను పైకి లేపి, బిగ్గర భాగాల శిఖరాలను కోసి, అంతటినీ పై కప్పుకు ఆనించారు. 96 డెసిబెల్స్ విస్తృతి ఉన్న సీడీలో కొద్ది డెసిబెల్స్ మాత్రమే వాడిన ఆల్బమ్‌లు వచ్చాయి. ఓయాసిస్ 1995 ఆల్బమ్, రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ 1999 ఆల్బమ్ ‘కాలిఫోర్నికేషన్’ ఈ చర్చలో తరచు ప్రస్తావనకు వస్తాయి. 2008లో మెటాలికా ‘డెత్ మాగ్నెటిక్’ సీడీ కంటే అదే పాటలు ‘గిటార్ హీరో’ వీడియో గేములో స్వచ్ఛంగా ఉన్నాయని అభిమానులు కనిపెట్టారు. గేముకు వెళ్లినది చివరి బిగింపుకు లోనుకాని ప్రతి. ఆల్బమ్‌ను తిరిగి మాస్టరింగ్ చేయాలని వేలమంది సంతకాలతో కోరారు. వాహకాల తారతమ్యం కంటే ప్రతుల తారతమ్యం ఎంత బలమైనదో ఈ ఉదంతం తేల్చి చెబుతుంది.

ఈ పోటీకి కళ్లెం పడడంలో స్ట్రీమింగ్ పాత్ర ఉంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్య 2006లో గట్టిదనాన్ని చెవి గ్రహించే తీరులో కొలిచే పద్ధతిని ప్రమాణీకరించింది. స్ట్రీమింగ్ సేవలు అటువంటి కొలతతో పాటలన్నింటినీ ఒకే స్థాయికి తెస్తున్నాయి. స్పాటిఫై మామూలు స్థాయి −14 ఎల్‌యూఎఫ్‌ఎస్. అతిగా బిగించిన పాటను సేవ తగ్గించి వినిపిస్తుంది గనుక బిగింపు వల్ల ఒనగూడే లాభం పోయింది. కాని కోసిన శిఖరాలు తిరిగి రావు. 1980లలో జాగ్రత్తగా చేసిన సీడీలో ఉన్న ఊపిరి, అదే ఆల్బమ్ ‘రీమాస్టర్’ పేరుతో స్ట్రీమింగ్‌లో దొరికే ప్రతిలో లేకపోవచ్చు. దీనికి విరుద్ధమైన సందర్భమూ ఉంది. తొలి సీడీ మూడో తరం టేపు నుంచి వచ్చి, తరువాతి రీమాస్టర్ మూల టేపు నుంచి వచ్చి ఉంటే రెండవదే మేలు. ప్రతి ఆల్బమ్‌కూ విడిగా నిర్ణయించవలసిన విషయం ఇది.

7. స్థిరపాఠం, చలపాఠం

సీడీకి ముద్రిత గ్రంథ లక్షణం ఉంది. కేటలాగు సంఖ్య, సంవత్సరం, లోపలి వలయం మీద ముద్రణ గుర్తులు ఉంటాయి. రెండు ఊళ్లలోని ఇద్దరు ఒకే ముద్రణ సీడీలను కంప్యూటరులో చదివి, చెక్‌సమ్‌లను పోల్చి, తమ పాఠాలు బిట్టుతో సహా ఒకటేనని రుజువు చేసుకోవచ్చు. స్ట్రీమింగ్ పాఠానికి ఈ లక్షణం లేదు. కాన్యే వెస్ట్ 2016 ఫిబ్రవరిలో టైడల్‌లో విడుదల చేసిన ‘ది లైఫ్ ఆఫ్ పాబ్లో’ పాటలను ఆ తరువాత కూడా మార్చుతూ వచ్చాడు. 2022లో బియాన్సే తన కొత్త ఆల్బమ్‌లోని ఒక పాటలో ఆక్షేపణకు గురైన పదాన్ని విడుదలైన కొద్ది రోజులకే మార్చింది. మార్పు సమంజసమే కావచ్చు. మునుపటి పాఠం ఏమిటో తెలుసుకోవలసిన చరిత్రకారుడికి మాత్రం సేవలో అది దొరకదు.

సీడీ శాశ్వతమని దీని అర్థం కాదు. 1988, 1993 మధ్య ఇంగ్లండులోని బ్లాక్‌బర్న్ కర్మాగారంలో తయారయిన కొన్ని సీడీలు కంచు రంగుకు మారి చెడిపోయాయి. తాటాకుకు చెదపురుగులాగే డిస్కుకూ దాని శత్రువులున్నాయి. కాని చెడిన సీడీకి బదులు చెడని మరో ప్రతి ఎక్కడో ఉంటుంది. లైసెన్సు ముగిసి సేవ నుంచి తొలగిన పాటకు అటువంటి ఆధారం శ్రోత చేతిలో ఉండదు.

8. తెలుగు శ్రోతకు దీనితో సంబంధం

తెలుగు నేల మీద ఈ చరిత్ర కొంత భిన్నంగా నడిచింది. భారతదేశంలో 1980లు, 1990లు క్యాసెట్ యుగం. అసలైన ఆడియో సీడీ కలిగినవారి ఇళ్లలోనే ఎక్కువగా ఉండేది. 2000ల తరువాత ఊరూరా కనిపించిన ‘సీడీ’ చాలావరకు ఎంపీ3 సీడీ. 128 కిలోబిట్ల వద్ద అయిదు నిమిషాల పాటకు సుమారు 4.8 మెగాబైట్లు పడతాయి. 700 మెగాబైట్ల డిస్కులో సుమారు 140 పాటలు ఇముడుతాయి. సీడీలో పాట బాగుండేదన్న జ్ఞాపకం ఈ డిస్కుల గురించి అయితే, అది వాస్తవానికి నేటి మామూలు స్ట్రీమింగ్ కంటే తక్కువ సమాచారం ఉన్న ధ్వనిని గురించిన జ్ఞాపకం. బాగున్నది స్పీకర్లు కావచ్చు, కూర్చుని విన్న తీరిక కావచ్చు.

పాత పాటల విషయంలో సమస్య మరింత లోతైనది. ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) వంటి చిత్రాల కాలంలో పాట రెండు దారుల్లో శ్రోతకు చేరింది. ఒకటి ఫిల్ము అంచున ఉండే శబ్దరేఖ, రెండవది 78 వేగపు గ్రామఫోన్ రికార్డు. ఈ రెండింటిలోనూ పై పౌనఃపున్యాలు నేటి ప్రమాణాలతో పోలిస్తే చాలా తక్కువ. ఒక్కో వైపు సుమారు మూడున్నర నిమిషాలే పట్టే రికార్డు కోసం కొన్ని పాటలను కుదించారు. అందువల్ల తెర మీది పాటకూ రికార్డు పాటకూ నిడివిలో, చరణాలలో తేడాలు ఏర్పడ్డాయి. ఇవి అచ్చమైన పాఠభేదాలు. 2010లో రంగులద్దుకుని బహుళ ఛానళ్ల ధ్వనితో విడుదలయిన ‘మాయాబజార్’ మరొక పాఠాన్ని చేర్చింది.

ఇటువంటి పాటను 24 బిట్ల ఫైలులో పెట్టినా మూలంలో లేని ధ్వని పుట్టదు. అది ఏ మూలం నుంచి వచ్చింది, సూది రొద తీయడంలో గొంతులోని గాలిని కూడా తీసివేశారా, మోనో ధ్వనిని కృత్రిమ స్టీరియోగా విడదీశారా అన్నవే అక్కడ నాణ్యతను నిర్ణయిస్తాయి. రొద నిండిన నమ్మకమైన నకలు, రొద లేని నిర్జీవమైన నకలు కంటే పరిశోధకుడికి ఎక్కువ ఉపయోగం.

వేగం విషయం మరీ ముఖ్యం. నకలు తీసేటప్పుడు రికార్డు గాని టేపు గాని సుమారు 6 శాతం వేగంగా తిరిగితే శ్రుతి ఒక స్వరస్థానం పెరుగుతుంది, లయ కూడా వేగిరపడుతుంది. ఘంటసాల ఫలానా పాటను ఏ శ్రుతిలో పాడారనే ప్రశ్నకు స్ట్రీమింగ్‌లో దొరికిన ఏదో ఒక ప్రతిని విని సమాధానం రాస్తే, అది గాయకుడి శ్రుతి కావచ్చు, నకలు తీసిన యంత్రపు వేగం కావచ్చు. బిట్‌రేటు ఎంత పెంచినా ఈ తప్పు దిద్దుబాటు కాదు. మూల రికార్డులు, మాస్టర్ టేపులు నశించిన కొద్దీ సరిచూసుకునే అవకాశం కూడా పోతుంది.

9. ముగింపు

పై పరిశీలన వల్ల ఈ కింది విషయాలు విదితమవుతున్నాయి.

1. సీడీ ప్రమాణం టీవీ యంత్రాల, వాణిజ్య రాజీల నుంచి పుట్టినా, మనిషి వినికిడి హద్దుకు అతి చేరువగా నిలిచింది. నాలుగు దశాబ్దాల తరువాత స్ట్రీమింగ్ సేవలు చేరుకున్న మజిలీ కూడా ప్రధానంగా అదే.

2. తక్కువ బిట్‌రేటు ఎంపీ3 కాలంలో సీడీ ఆధిక్యం నిజం. నష్టరహిత స్ట్రీమింగ్‌తో ఆ ఆధిక్యం సాంకేతికంగా ముగిసింది. మిగిలిన నష్టం ఎక్కువగా ఫోను అమరికలలో, బ్లూటూత్‌లో జరుగుతోంది.

3. సమాన స్థాయిలో విన్నప్పుడు కూడా స్పష్టంగా తెలిసే తేడాకు మాస్టరింగ్, మూలప్రతి ప్రధాన కారణాలు.

4. శ్రోతకు స్ట్రీమింగ్ చాలు. పరిశోధకుడికి స్థిరమైన, తేదీ గల, తిరిగి పోల్చదగిన ప్రతి కావాలి. ఆ అవసరాన్ని సీడీ, గ్రంథాలయాలలో భద్రపరచిన ఫైలు తీర్చగలవు.

5. పాటలను గురించి రాసే తెలుగు పరిశోధకులు పాట పేరుతో పాటు తాము విన్నది రికార్డా, ఫిల్మా, సీడీయా, ఏ తేదీన విన్న స్ట్రీమింగ్ ప్రతియా అన్నది కూడా పేర్కొనడం అవసరం. శ్రుతిని గాని నిడివిని గాని చర్చించేటప్పుడు కనీసం రెండు ప్రతులను పోల్చాలి.

కావ్యపాఠాన్ని ఉటంకించేటప్పుడు ఏ ముద్రణ నుంచి తీసుకున్నామో చెప్పని వ్యాసాన్ని నేడు మనం అసంపూర్ణంగా భావిస్తాం. పాటకూ ఆ గౌరవం దక్కవలసి ఉంది.